తద్ధర్మము

గడచిన వర్షర్తువున, గోదావరికి క్రొత్తనీరు వచ్చి మా రేవులోని మెట్లు ఒక్కొక్కటిగా మునుగుచున్న దినములలో, సెలవులకు వచ్చి మరల అమెరికాకు ప్రయాణమైన మా అమ్మాయి, పెట్టె తూకము మించినదని మూడు పుస్తకములను తీసి నా వ్రాతబల్లపై నుంచి, "ఇవి చదవండి నాన్నా, చదివాక మాట్లాడుకుందాం" అని చెప్పి వెడలిపోయెను. మూడును కల్పితలోకముల కథలే: ఒకటి మాంత్రికుని వృత్తాంతము, ఒకటి దూరగ్రహమందలి సముద్రమును గూర్చినది, మూడవది కథల సంపుటము. కాశీమజిలీ కథలతోను చందమామ ధారావాహికలతోను చదువురుచి మరిగిన నేను, ఇరువదియేండ్ల ప్రాయము దాటినది మొదలు అట్టి కథలను బాల్యమునకే విడిచిపెట్టి, సాంఘికనవలలే పెద్దల చదువని నమ్మి నలువది సంవత్సరములకు పైగా గడపితిని. ఆ నమ్మకము తప్పని యీ మూడు పుస్తకములు నాకు తెలిపినవి.

మన పూర్వులకు ఇట్టి చిన్నచూపు లేకుండెను. భరతముని యెనిమిది రసములలో అద్భుతమును చేర్చి, విస్మయమును దానికి స్థాయిగా నిలిపి, పసుపువన్నెను రంగుగా నొసగి, సృష్టికర్తయైన బ్రహ్మనే అధిదేవతగా గూర్చుండబెట్టెను. సాహిత్యదర్పణకారుడగు విశ్వనాథుడు తన వంశపు పెద్దయైన నారాయణుడను పండితుని మతమును స్మరించుచు, రసమునకు సారము చమత్కారమే గనుక సర్వరసములయందును నెలకొనియున్నది అద్భుతమేయని ఆయన తలంచెనని వ్రాసినాడు. శృంగారమును రసరాజమన్నవారి మాటకు లోకమున ప్రచారము కలిగినది. అద్భుతమొక్కటే రసమన్న ఆ వృద్ధుని మాట అలంకారగ్రంథముల పుటలలోనే యుండిపోయినది. మనకు తెలిసినదాని యంచున నిలిచి, ఆవల నేదియో యున్నదని యెరిగి, అడుగు వేయుటకు ముందు ఒక్క క్షణము ఊపిరి బిగబట్టుటనే ఆయన విస్మయమని భావించియుండునని నాకు తోచుచున్నది. ఈ పుస్తకములలో నాకు దొరకినది ఆ యంచు.

మొదటిది ఉర్సులా లె గ్విన్ 1968లో ప్రకటించిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. గాంట్ అను కొండదీవిలో మేకలను కాయుచున్న తల్లిలేని పిల్లవాడొకడు, ఊరి మంత్రగత్తెయైన తన పినతల్లి గుడిసె కప్పునెక్కిన మేకను దింపుటకు పలికిన మాటను విని, మరునాడు కొండపై తన మందనంతటిని ఉద్దేశించి ఆ మాటనే పలికెను. మేకలన్నియు పరుగున వచ్చి వానిని చుట్టుముట్టి, వాని యొంటికి ఒరసికొని, పసుపుకన్నులతో వానినే చూచుచు నిలిచిపోయినవి. పిలుచు మాట వానికి వచ్చును. విడుచు మాట రాదు. నవల యంతయు ఆ మేకల గుంపులో ఇమిడియున్నది. తరువాత రోక్ దీవిలోని విద్యాపీఠమున, ఒంటరి గోపురములో నివసించు నామాచార్యుడు శిష్యులచే సకలపదార్థముల నిజనామములను పట్టికలు పట్టికలుగా వల్లెవేయించును. ఒక చిన్నదీవి తీరమందలి ప్రతి అగ్రమునకు, ప్రతి పాయకు, ప్రతి రాతికిని వేర్వేరు పేరు కలదు, ఆ పేర్లన్నియు రానివానికి ఆ సముద్రముపై అధికారము లేదు. ఏడవయేట మా నాన్నగారు నాచే వల్లెవేయించిన అమరకోశమునకు అమరసింహుడు పెట్టిన పేరు నామలింగానుశాసనము. వారివర్గములోని తామరపేర్లను అరుగుపై కూర్చుండి అప్పజెప్పిన ఆ బాలుడు నాలో నింకను ఉన్నాడని ఆ గోపురమును గూర్చి చదువునపుడు తెలిసినది.

గర్వముచే గెడ్ అను ఆ పిల్లవాడు ఒక నీడను లోకములోనికి రానిచ్చును, దానినుండి పారిపోవును, చివరకు వెనుకకు తిరిగి తానే దానిని తరుముకొనుచు తూర్పుసముద్రపుటంచు వరకు నావ నడపి, దాని పేరు పలుకును. అది తన పేరే. లె గ్విన్ తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ మానవశాస్త్రవేత్త. 1911లో కాలిఫోర్నియా కొండలనుండి ఒంటరిగా వెలుపలికి వచ్చిన యాహి జాతి కడపటి మనుష్యుని ఆదరించినవారిలో ఆయన యొకడు. ఆ మనుష్యుడు తన నిజనామమును ఎవ్వరికిని చెప్పలేదు. వాని భాషలో మనిషియని యర్థమిచ్చు 'ఇషి' యను మాటతో లోకము వానిని పిలిచెను. 1916లో ఆ పిలుపుతోనే కన్నుమూసెను. వాని చరిత్రమును 1961లో గ్రంథముగా వెలయించినది లె గ్విన్ తల్లి థియొడోరా. అట్టి యింట పెరిగిన పిల్లకు పేరు విలువ యెట్టిదో వేరుగా నేర్పనక్కరలేదు.

గెడ్‌కు నామములు దారి చూపినవి. రెండవ పుస్తకమున నామములన్నియు ఓడిపోయినవి. పోలండు రచయిత స్టానిస్లావ్ లెమ్ 1961లో వెలువరించిన 'సొలారిస్' అది. రెండు సూర్యుల వెలుగులో తిరుగు గ్రహమొకటి. దానిని దాదాపుగా పూర్తిగ కప్పిన సముద్రమొకటి. ఆ సముద్రమే ఒక ప్రాణి. దాని యుపరితలమున పర్వతప్రమాణములైన ఆకారములు లేచి, నిలిచి, కూలిపోవుచుండగా, మనుష్యులు వాటికి మిమాయిడ్లనియు సిమెట్రియాడ్లనియు పేర్లిడి, తరతరములు పరిశోధించి, గ్రంథాలయములను నింపిరి. ఆ సముద్రము ఏల అట్లు చేయునో ఒక్కనికిని తెలియలేదు. ఈ శాస్త్రచరిత్రను లెమ్ సాగదీసెనని, కథ నడక అచ్చట మందగించినదని తలచువారుండవచ్చును. నాకు ఆ పుటలే మిక్కిలి ప్రియమైనవి. ఎరుగరాని దానియెదుట మనుష్యుడు వందయేండ్లు ఓపికతో కూర్చుండి కొలతలు వ్రాసికొనుటకంటె గొప్ప వీరగాథ నాకు కనబడలేదు.

కెల్విన్ అను శాస్త్రజ్ఞుడు ఆ గ్రహముపై తేలుచున్న కేంద్రమునకు వచ్చిన కొలది కాలమునకే, పూర్వము ఆత్మహత్య చేసికొనిన అతని భార్య హేరీ అతని గదిలో కూర్చుండియుండును. సముద్రము అతడు నిద్రించుచుండగా అతని స్మృతినుండి ఆమెను చేసి పంపినది. ఆమె దుస్తు విప్పబోగా, దానికి గుండీలు అలంకారమునకే యున్నవి గాని విప్పుటకు సందు లేదు, కత్తెరతో కత్తిరింపవలసివచ్చును. ప్రియురాలి ముఖమును, స్వరమును, తల త్రిప్పు తీరును జ్ఞాపకముంచుకొనిన మనస్సు ఆమె వస్త్రము కుట్టును జ్ఞాపకముంచుకొనలేదు. గతించిన మా శ్రీమతి చీరెలలో దేనికి ఏ అంచో నేను చెప్పగలనా యని ఆ రాత్రి అల్మారా తలుపు తెరచి చాలసేపు నిలిచితిని. నవల తుదిని కెల్విన్ సముద్రతీరమునకు దిగి చేయి చాచును. అల వచ్చి ఆ చేతిని చుట్టుకొనును గాని తాకదు, నడుమ సన్నని గాలిపొర నిలిచియుండును. ఆంగ్లమున 1970లో వెలువడిన మొదటి అనువాదము పోలిష్ మూలమును చూడక, ఫ్రెంచి అనువాదమునుండి చేయబడినదట. రెండు చేతులు మారియు ఆ అల చెదరలేదు.

మూడవ పుస్తకములో నేను ఒక్క కథయొద్దనే ఆగిపోయితిని. టెడ్ చియాంగ్ 1998లో ప్రకటించిన 'స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్' అను ఆ పెద్దకథను ఈ నాలుగు మాసములలో అయిదుసార్లు చదివితిని. ఈ రచన కంతకును కారణము అదియే. ఏడు కాళ్ళతో, మేని చుట్టును ఏడు కన్నులతో, ముందు వెనుకలు లేని జీవులు భూమికి వచ్చి, అద్దములవంటి సాధనములగుండ మనుష్యులతో మాటలాడుటకు సిద్ధపడును. వాటి భాష నేర్చుకొనుటకు లూయీస్ బ్యాంక్స్ అను భాషాశాస్త్రజ్ఞురాలిని పిలిపింతురు. వాటి పలుకు వేరు, వ్రాత వేరు. ఆ వ్రాతలో అక్షరముల వరుస లేదు. వాక్యమంతయు అల్లుకొనిన ఒకే చిత్రము. మొదట గీచిన గీత వంపులు తిరుగుచు పోయి పెక్కు ఉపవాక్యములలో భాగమగుచున్నదనియు, కావున ఆ మొదటి గీత గీయుటకు ముందే వ్రాయువారికి వాక్యము తుదివరకును తెలిసియుండవలెననియు లూయీస్ గ్రహించును.

ఇచ్చట పుస్తకము మూసితిని. ధనుర్మాసపు తెల్లవారుజామున మా అమ్మ వాకిట పెట్టు మెలికలముగ్గు కన్నులయెదుట నిలిచినది. చుక్కలు పెట్టి, పిండి చిటికెన పట్టి, ఒక చుక్క ప్రక్కనుండి బయలుదేరదీసిన గీత అన్ని చుక్కలను చుట్టుచు, తన్ను తాను పదిమార్లు దాటుచు, చేయి ఆగకుండ పోయి పోయి, బయలుదేరినచోటికే వచ్చి కలిసెడిది. తప్పిన గీతను చెరిపి దిద్దుకొనుట ఆమె యెరుగదు. మొదటి చిటికెడు పిండి జారినపుడే ముగ్గంతయు ఆమె వ్రేళ్ళలో నుండెడిది. ఆ దూరలోకపు జీవుల లిపిని చియాంగ్ ఎంతో శ్రమపడి నాకు బోధించెను. మా వాకిలి ఆ బోధను ఏటేట ముప్పది దినములు నాకు చేసినదని ఆయనకు తెలిసియుండదు.

ఆ జీవుల శాస్త్రమును గూడ చియాంగ్ ఆ లిపికి తగినట్లే కల్పించెను. పడవవాని గడ నీటిలో విరిగినట్లు కనబడుట మనమందరము చూచినదే; గాలిలో వేగముగను నీటిలో మందముగను సాగు కాంతి ఆ రెంటి సరిహద్దున వంగును. అది తన గమ్యమునకు అత్యల్పకాలమున చేర్చు దారిని పట్టునని 17వ శతాబ్దమందు ఫెర్మా యను ఫ్రెంచి గణితజ్ఞుడు చెప్పెను. చేరవలసిన చోటు ముందే తెలియనిదే, తక్కువ కాలము పట్టు దారి యేదో కిరణమున కెట్లు తెలియును? మనము కారణమునుండి కార్యమునకు నడచి చెప్పు సత్యమునే, గమ్యమునుండి దారిని చూచియు చెప్పవచ్చును. రెండు లెక్కలకును ఫలము ఒక్కటే. మనుష్యులు మొదటి తీరున, ఆ జీవులు రెండవ తీరున లోకమును చూచును. వాటి వ్రాత అలవడిన కొలదిని లూయీస్‌కు తన జీవితమంతయు ఒకేసారి కనబడ నారంభించును. ఇంకను పుట్టని కుమార్తె పుట్టుక, ఆటలు, అలుకలు, ఇరువదియైదవ యేట కొండనెక్కుచు పడి ఆమె మరణించుట.

ఆ కుమార్తెతో తల్లి చెప్పుచున్న మాటలే ఆ కథ. జ్ఞాపకమున్నదనుచు మొదలుపెట్టి రాబోవుదానిని భవిష్యత్క్రియలతో చెప్పును. ఆంగ్లపాఠకునకు అది వ్యాకరణమును వంచిన వింత. నాకు మాత్రము ఆ క్రియలు చదువుచుండగా మనస్సులో అప్రయత్నముగా తెలుగులోనికి మారుచుండెను. మారినకొలదిని వింత తొలగి, అది మనలో ప్రతి తల్లియు మాటలాడు తీరుగా వినబడెను. ఎందులకని యోచించి, చాలకాలమునకు బాలవ్యాకరణమును మరల విప్పితిని.

చిన్నయసూరి క్రియలకు భూత భవిష్యద్వర్తమానములతో ఆగక, తద్ధర్మమని నాల్గవదానిని చెప్పెను. 'నవ్వితివి' భూతము, 'నవ్వుచున్నావు' వర్తమానము, 'నవ్వెదవు' భవిష్యత్తు, 'నవ్వుదువు' తద్ధర్మము. బడిలో తెలుగుపండితులుగా నుండిన మా నాన్నగారిని, ఉన్నవి మూడు కాలములే కదా, ఈ నాల్గవది యెక్కడిదని పదేండ్లప్పుడు అడిగితిని. వారు నన్ను రేవునకు తీసికొనిపోయి నీటిని చూపి, "గోదావరి నిన్న పారింది, ఇవాళ పారుతోంది, రేపూ పారుతుంది. మూడూ ఒక్క మాటలో చెప్పాలంటే 'గోదావరి పారును' అంటావు. అది కాలం కాదురా, గోదావరి ధర్మం" అనిరి. ఆ పదము పాణినీయమున కలదు. తచ్ఛీల, తద్ధర్మ, తత్సాధుకారులను ఒక్కచోట కూర్చి, ఆ స్వభావము కలవానిని, ఆ ధర్మము కలవానిని, ఆ పనిని చక్కగా చేయువానిని సూత్రకారుడు చెప్పెను. పిమ్మట మన వ్యావహారికమున 'నవ్వెదవు' మరుగుపడి, 'నవ్వుతావు' అను ఒక్కమాటయే భవిష్యత్తును తద్ధర్మమును రెండింటిని మోయుచున్నది. ఊయలలోని బిడ్డను చూచి "నిద్రలో నవ్వుతావు" అని తల్లి యనినపుడు, ఎల్లప్పుడును నవ్వుదువనియు, ఇకముందు నవ్వగలవనియు రెండును అందే యున్నవి. ఆమె విడదీయదు, మనమును విడదీయము. చియాంగ్ ఆంగ్లమును వంచి సాధించినది తెలుగులో వంపు లేకయే నిలుచును.

అన్నియు తెలిసియు ఆ తల్లి యేల ఆ బిడ్డను కన్నది? కథలో నొక చిన్నఘట్టము కలదు. పసిప్రాయపు కుమార్తె తనకు కంఠస్థమైన యెలుగుబంట్ల కథనే మరల చదువుమని పట్టుపట్టి, తల్లి ఒక్కమాట మార్చినను ఒప్పుకొనదు. తెలిసిన కథయే కదా, నేను చదువుట యెందులకని తల్లి యడుగగా, వినవలెనని యున్నదని మాత్రము బదులిచ్చును. తోలుబొమ్మలాటలో సీతాపహరణఘట్టము వచ్చినపుడు తెర ముందు కూర్చున్న ముసలమ్మలు, డెబ్బదియేండ్లుగా ఆ కథను విన్నవారే, పమిటచెంగుతో కన్నులొత్తుకొనుట నేను చూచితిని. పెండ్లిపందిటిలో వరుడు పలుకు 'నాతిచరామి' యను మాట పురోహితునకు తెలుసు, వధువునకు తెలుసు, వచ్చిన చుట్టములందరకును తెలుసు. అయినను వరుడు దానిని పలుకకున్నచో పెండ్లి కాదు. తెలిసినదానిని పలికి నిజము చేయుట ఒక కర్మ. లూయీస్ తన జీవితమును అట్లే పలికెను. చియాంగ్ దానిని విధికి లొంగుటగా వ్రాయలేదు, కర్తవ్యముగా వ్రాసెను, అందులకే ఆ కథ నన్ను విడువకున్నది.

ఈ కథను ఆధారము చేసికొని డెనీ విల్నెవ్ 2016లో 'అరైవల్' అను చలనచిత్రము తీసెను. ఆ లిపిని పొగమంచువలె వ్యాపించు మసివలయములుగా చూపిన తీరు మెచ్చదగినది. కాని అందు కుమార్తె కొండపై పడి మరణించుటకు మారుగా, చిన్నవయస్సుననే వ్యాధిచే మరణించును. ఈ మార్పు కథకు గొప్ప లోపము చేసినదని నా నిశ్చితాభిప్రాయము. మందులేని వ్యాధిని తల్లి ఆపజాలదు. కొండయెక్కు దినమున "వద్దమ్మా" అను ఒక్కమాట చాలును. ఆ ఒక్కమాట నోటినుండి రాకపోవుటలో గల భారమంతయు చియాంగ్ కథలో నున్నది, చిత్రములో లేదు.

తెలుగువారికి ఈ విస్మయము క్రొత్త కాదు. 16వ శతాబ్దమందు పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయమున, కళాపూర్ణుడు పుట్టకమునుపే అతని కథను బ్రహ్మ సరస్వతికి వినోదముగా చెప్పెను. చెప్పినది బ్రహ్మ గనుక చెప్పినట్లెల్ల జరుగవలసినదే. ఆ కథలోని వారు పుట్టి, పెరిగి, తమ కథను తామే విందురు. అద్భుతమునకు అధిదేవత యెవ్వరని భరతుడు చెప్పెనో ఆ దేవతనే సూరన తన కావ్యమునకు కథకునిగా నిలిపెను. కాలక్రమమును తారుమారు చేసిన ఆ కల్పన నేర్పుగలదని నేను కాలేజీలో చదువుకొంటిని. అది మనుష్యుని గుండెకు సంబంధించినదని ఇప్పుడు, చియాంగ్‌ను చదివిన పిమ్మట, తెలిసికొంటిని. సూరన కావ్యమును తిరిగి చదువుచున్నాను. పాఠ్యాంశముగా చదివినప్పుడు కనబడని తల్లులు, బిడ్డలు అందు కనబడుచున్నారు.

మా అమ్మాయికి అక్షరాభ్యాసము నాడు పళ్ళెములోని బియ్యముపై ఆమె వ్రేలిని నా చేతిలో పట్టుకొని దిద్దించితిని. చదువు వచ్చిన బిడ్డ ఊరిలో నుండదని నాకు అప్పుడే తెలుసు; మా వీధిలో అప్పటికే నాలుగిండ్ల పిల్లలు సముద్రములు దాటియుండిరి. తెలిసియు వ్రేలిని గట్టిగనే పట్టుకొంటిని. గడచిన వర్షర్తువున విమానాశ్రయపు గాజుతలుపుల యెదుట ఆమె పలికిన మాట "వెళ్ళొస్తాను నాన్నా" అని. పోవుచున్నానని మన యింట ఎవ్వరును అనరు. వెళ్ళుట, వచ్చుట రెండును ఒకే మాటలో, ఆ తద్ధర్మక్రియతోనే ముగియును. మొన్న దూరవాణిలో పుస్తకములను గూర్చి ఆమె యడిగినపుడు ఈ సంగతియే చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు.

చియాంగ్ కథను తెలుగు చేయబూనువారు ఎవరైనను, ఆ తల్లి పలుకులను 'నవ్వబోతావు', 'పడిపోబోతావు', 'నాకు గుర్తుంటుంది' అని ఆంగ్లము వెంట నడపవలదని నా ప్రార్థన. 'నవ్వుతావు' అని వ్రాయుడు, 'పడతావు' అని వ్రాయుడు.